గొర్రెల రాగంలో ఒక పేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. దాచిపెట్టాలని కాదు. పరాయి నోట్లో పడిన పేరుకు ఏ గతి పడుతుందో కళ్లారా చూశాను. నా చేత్తో ఇంకొకసారి ఆ పని చేయబుద్ధి కాలేదు.

మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేసేవాడు. చూపు తగ్గాక ఒక పట్టుచీరల అంగట్లో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. ఆయన పేరు వింటే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. ఆయనకు ముందు పుట్టిన పిల్లలెవరూ బతకలేదట. అందుకని నాయన పుట్టగానే మా అవ్వ బిడ్డను తీసుకుపోయి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటామె చాటలో ఎత్తుకొచ్చి, "పెంట మీద దొరికినాడు, కొనుక్కుంటావా?" అని అడిగితే, మా అవ్వ దోసెడు తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కుంది. పేరు కూడా దానికి తగిందే పెట్టింది. అంత చీదర పేరున్న బిడ్డను చావు కూడా ముట్టదని మా వైపు నమ్మకం. నాయన బతికాడు. పేరూ ఆయనతోపాటే బతికింది.

అంగటికి బెంగళూరు బేరాలు వచ్చినప్పుడు షావుకారు కొడుకు మేడ మీద నుంచి నాయనను ఆ పేరు పెట్టి గట్టిగా కేకేసేవాడు. కావాలనే. చీరలు చూస్తున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నాయన కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. బళ్లో తండ్రి పేరు అడిగినప్పుడల్లా ముందు పిడికిలి బిగించి, తర్వాత చెప్పేదాన్ని. నా కోపం అక్కడ పుట్టింది. ఇన్నేళ్లయినా తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

పెళ్లయి హిందూపురం వచ్చాను. పెనుకొండ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక, కార్ల సీట్లు కుట్టే ఒక చిన్న కంపెనీలో, స్టోర్స్‌లో పని దొరికింది. పొద్దున్నే హిందూపురంలో కంపెనీ బస్సు ఎక్కుతాను. ఇప్పుడు ఆ దారిలో టీ కొట్టు బోర్డు మీద కూడా కొరియా అక్షరాలు ఉంటాయి. మొదట్లో వింతగా చూసేవాళ్లం. తర్వాత అవి కూడా ఎరువుల ప్రకటనల్లాగా కంటికి ఆనడం మానేశాయి.

కుట్టు లైన్‌లో కొత్త మిషన్లు బిగించడానికి కొరియా నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరు ఎదురుపడినా నడుము వంచి నమస్కారం పెట్టేవాడు, ఊడ్చే ఆమెకు కూడా. మాకు వాళ్ల మాటలు తెలుగులో చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. పెనుకొండ పిల్లే, బెంగళూరులో ఆ భాష నేర్చుకొచ్చింది. మొదటి రోజు పొద్దున మీటింగులో అతన్ని నిలబెట్టి పేరు చెప్పింది. చాలా చిన్న పేరు. నోట్లో పట్టుకోవడానికి కూడా ఏమీ లేనంత చిన్నది.

నా వెనక లైన్ లీడరు నిలబడి ఉన్నాడు. చిలమత్తూరు దగ్గర పల్లె అతనిది. మొన్నమొన్నటి వరకు ఇంట్లో గొర్రెల మంద ఉండేది. ఆ పేరును నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత గొర్రెల్ని అదిలించే రాగంలో బయటికి వదిలాడు. ముందు ముక్క పొట్టిగా కొట్టి, చివర ముక్కను గుట్ట అవతల దాకా సాగదీయడం. ఆ రాగం తెలియని ఇల్లు మా వైపు లేదు. లైనంతా గొల్లుమంది.

ఆ రోజు నుంచి అదే అతని పేరయింది. మిషను ఆగితే అదే కేక. దారం తెగితే అదే కేక. బస్సులో వెనక సీటువాళ్లు ఒకరు ఎత్తుకుంటే, ముందు సీటువాళ్లు నాలుకతో టుర్రుమని గొర్రెలకు దారి చూపించేవాళ్లు. మనిషికి పొద్దు పోకపోతే పాటలు పాడుకోవచ్చు, నిద్రపోవచ్చు. వీళ్లకు ఒకరి పేరు కావలసి వచ్చింది.

ఒకరోజు బస్సులో నేను వెనక్కి తిరిగాను.

"ఏమబ్బా, ఆయప్ప పేరుతో మీకేం పని? మీ నాయన పేరును ఎవురన్నా ఇట్ల అరిస్తే ఊరకుంటారా?"

"తమాషాకి లేక్కా," అన్నాడు లైన్ లీడరు. "ఆయప్పకే లేని బాధ నీకేల?"

"ఆయప్పకి తెలిస్తే కదప్పా బాధ!"

"అక్కను కొరియాకి కోడల్ని చేసేస్తే సరిపోతాది," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. దానికి నేనిచ్చిన జవాబు అచ్చులో రాసేది కాదు. ఆ తర్వాత కొన్నాళ్లు నేను బస్సెక్కితే కేక ఆపేవాళ్లు. నేను దిగగానే మొదలయ్యేది. కిటికీలోంచి వినపడేది.

వీళ్లంటే వీళ్లు. అతను చేసిన పని నన్ను ఇంకా బాధపెట్టింది. ఎవరైనా ఆ రాగంలో పిలిస్తే అతని ముఖం వెలిగిపోయేది. చెయ్యెత్తి, అదే రాగంలో, తన పేరును తానే తిరిగి పాడేవాడు. కొత్తగా చేరినవాళ్లకు తనను తాను అట్లాగే పరిచయం చేసుకోవడం మొదలుపెట్టాడు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని గొర్రెల కేక వేసుకునే మనిషిని చూసి కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు. పాతవాళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు.

క్యాంటీన్లో ఆ పెనుకొండ అమ్మాయిని పట్టుకుని అడిగాను.

"ఆ పిల్లోనికి నువ్వన్నా చెప్పగూడదా పాపా?"

ఆమె పళ్లెంలో అన్నం కెలుకుతూ చెప్పింది. "ఎట్ల చెప్పేదక్కా? వాళ్ల దేశంలో బాగా దగ్గరోళ్లను పిలిచేటప్పుడు పేరు చివర ఒక చిన్న అక్షరం కలుపుతారు. అమ్మానాయనలు, చిన్ననాటి స్నేహితులు, అంతే. కొత్తోళ్లు అట్ల పిలవరు. మనోళ్లు పేరు చివర సాగదీస్తాండారు కదా, ఆయనకి అది ప్రేమ అనిపించింది. 'మీ ఊర్లో ఇంత తొందరగా మనిషిని ఇంట్లో కలుపుకుంటారా' అని నన్నే అడిగినాడు. వాళ్లమ్మకి కూడా ఫోన్లో చెప్పుకున్నాడంట, ఈడ కూడా నన్ను ఇంట్లో పిలిచినట్లే పిలుస్తారని. ఇప్పుడు నేను పొయ్యి, నీ పేరుతో గొర్రెల్ని తోలుతాండారు అని చెప్పనా?"

రోజూ మధ్యాహ్నం అతను ఫోను నీళ్ల గ్లాసుకు ఆనించి, వాళ్లమ్మను చూస్తూ అన్నం తినేవాడు. నేను పక్క బల్ల మీద కూర్చున్నప్పుడు ఆమె పిలుపు వినేదాన్ని. పేరు, చివర ఆ చిన్న అక్షరం. సాగదీత లేదు. అదే పేరు అయినా, మా వాళ్లు అరిచేదానికి దానికి పోలికే లేదు.

దసరాకు ముందు ఆ తల్లి కొడుకును చూడటానికి వచ్చింది. ఆయుధ పూజ రోజు మా కంపెనీలో ఇంటివాళ్లను కూడా రమ్మంటారు. పిల్లలు మిషన్ల మధ్య పరుగులు తీస్తారు. పెళ్లాలు మొగుళ్ల పని చోటు చూసి, "ఇంత వేడిలోనా!" అంటారు. నాయన ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు పనిచేసేచోటు నేనెప్పుడు చూసేది అని ఎప్పటి నుంచో అంటున్నాడు, వెంటబెట్టుకుపోయాను.

మిషన్లకు అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. పెద్దవాళ్లకు గోడ పక్కన కుర్చీలు వేశారు. నాయన పక్క కుర్చీలో ఆ తల్లి కూర్చుంది. పొట్టి మనిషి, తల ముగ్గుబుట్ట. కుట్టు లైన్ ఆడపిల్లలు ఆమెకు బొట్టు పెట్టి, పొట్టి జుట్టులో ఎట్లాగో మల్లెపూలు నిలబెట్టారు. నాయన తన చేతిలోని బొరుగులూ బెల్లం ఆమె ముందుకు చాపాడు. ఆమె లేచి నిలబడి, రెండు చేతులతో తీసుకుంది.

"చూస్తివా పాపా, రెండు చేతులతో తీసుకునింది," అన్నాడు నాయన నాతో. ఆ మర్యాద ఆయనకు బాగా నచ్చింది.

పూజారి ఒక్కో మిషను దగ్గరికి మైకుతో వస్తున్నాడు. ఏ మిషను ఎవరి చేతి కింద ఉంటే, సంకల్పం వాళ్ల పేరు మీద. కుట్టు లైన్ వంతు వచ్చింది. ఇంజనీరు చేతులు కట్టుకుని ముందు నిలబడ్డాడు. నుదుట కుంకుమ, మెడలో కండువా. తల్లి ఫోనులో ఫొటోలు తీసుకుంటోంది.

"యజమాని గోత్రం?" అన్నాడు పూజారి.

"ఆయనకు గోత్రం ఉండదు స్వామీ," అంది పెనుకొండ అమ్మాయి.

"తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం ఉండనే ఉండాది. పేరు చెప్పండి."

అతను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో ఆ కేక వేశారు. పైకప్పు రేకులకు తగిలి తిరిగొచ్చింది. మగవాళ్లు నవ్వారు. ఇళ్లల్లో నాన్నల దగ్గర నేర్చుకున్న పిల్లలు అందుకున్నారు. ఒక చిన్నపిల్ల నాలుకతో టుర్రుమంది. పూజారి అటూ ఇటూ చూసి, మైకు అతని నోటి దగ్గర పెట్టాడు.

అతను తల్లి వైపు చూశాడు. చూడమ్మా, చెప్పాను కదా అన్నట్టుంది ఆ చూపు. మైకు పట్టుకుని, తన పేరును తానే, గొర్రెల రాగంలో, గుట్ట అవతల దాకా పాడాడు.

అందరూ పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. పూజారికి ఈ సంగతేమీ తెలియదు. పరాయి దేశపు పేరు ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నట్టున్నాడు. కళ్లు మూసుకుని, కాశ్యప గోత్రం కింద, ఆ కేకను ఉన్నది ఉన్నట్టు దేవుడికి వినిపించాడు.

ఆ తల్లి ఫోను దించింది. ఆమెకు తెలుగులో ఒక్క ముక్క రాదు. కాని నవ్వుకు తెలుగూ కొరియా ఏముంది? ఆమె కళ్లు మనిషి మనిషినీ చూసుకుంటూ పోయాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లను చూసింది, మోచేతులతో పొడుచుకుంటున్నవాళ్లను చూసింది, టుర్రుమన్న చిన్నపిల్లను చూసింది. కుర్చీలోంచి లేచింది. కొడుకు పేరు పిలిచింది.

గట్టిగా కాదు. పొద్దుపోయాక వాకిట్లో ఆడుకుంటున్న బిడ్డను అన్నానికి పిలిచినట్టు, ఒక్కసారి. పేరు, చివర ఆ చిన్న అక్షరం.

అతను తిరిగాడు. తల్లి ముఖం చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు. చూస్తూ ఉంటే, ఇన్ని నెలలుగా విన్నదంతా అతనికి ఇప్పుడు వరసగా వినపడుతోందని నాకు తెలిసిపోయింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక అట్లాగే ఉంచుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. షావుకారు అంగడి మెట్ల కింద మడత చీర పట్టుకుని నవ్వుతున్న మా నాయన కనపడ్డాడు.

పిల్లలు కూడా ఆగిపోయారు. పూజారి నా పక్కకు వచ్చి, "అమ్మా, ఇప్పుడు ఆయమ్మ పిలిచింది చూడు, అదేనా పేరు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"అదే స్వామీ."

ఆయన మైకు పక్కన పెట్టేశాడు. పెనుకొండ అమ్మాయితో రెండు మూడుసార్లు చెప్పించుకుని, సంకల్పం మళ్లీ మొదటి నుంచి చేశాడు. గుమ్మడికాయ కొట్టారు. హారతి తిప్పారు. ఇంజనీరు హారతి కళ్లకద్దుకుని, తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయాడు. ఆమె వెళుతూ నాయన ముందు ఆగి తల వంచింది. నాయన లేచి రెండు చేతులూ జోడించాడు.

సాయంత్రం బస్సులో కేక లేదు. అందరి ఒళ్లోనూ బొరుగుల పొట్లాలు. లైన్ లీడరు మా ముందు సీటులో కూర్చున్నాడు. అతను చెడ్డవాడని నేను అనను. పిల్లల ఫీజుల కోసం రెండు షిఫ్టులు చేసే మనిషి. కాసేపటికి వెనక్కి తిరిగి, నాతో చెప్పే ధైర్యం లేక నాయనతో అన్నాడు. "ఏదో తమాషాకి మొదలైంది పెద్దాయనా. మనసులో ఏం లేదు."

నాయన కిటికీ వైపు చూస్తూ, "నా పేరు తెల్సునా నీకు?" అన్నాడు.

"తెలీదు పెద్దాయనా."

నాయన చెప్పాడు. ఎవరూ అడగనిదే ఎప్పుడూ చెప్పని పేరును, బస్సంతా వినేటట్టు చెప్పాడు. వెనక ఎవడో పుసుక్కున నవ్వి, అంతలోనే ఆపుకున్నాడు.

"నవ్వప్పా, నవ్వు. నేనేం అనుకోను. నవ్వేకే పెట్టింది మా యమ్మ," అన్నాడు నాయన. "నా కంటే ముందు పుట్టినోళ్లు ఒక్కరూ దక్కలేదు. నలుగురూ చీ అంటే నా బిడ్డ నాకు మిగుల్తాడని, పెంట మీద నుంచి తెచ్చి పెట్టింది ఈ పేరు. మీరు నవ్వినప్పుడల్లా మా యమ్మ గెలిచినట్లే. అందుకే నేనూ నవ్వుతా."

ఆ అంగట్లో నాయన ఎందుకు నవ్వేవాడో నాకు నలభై దాటాక, కంపెనీ బస్సులో తెలిసింది.

"ఆ పిల్లోని తల్లి అట్ల పెట్టలేదు కదప్పా," అన్నాడు నాయన. "ఎన్నాళ్లు ఆలోచన చేసి పెట్టుకునిందో, మంచి పేరు. దాన్ని మీరు తీసకపొయ్యి పెంట మీద ఏసినారు. ఇంగ ఆయమ్మ ఏం పోసి కొనుక్కోవల్ల?"

లైన్ లీడరు ముందుకు తిరిగిపోయాడు. హిందూపురం వచ్చేదాకా అతని మెడ మాత్రమే కనపడింది.

పండగ తర్వాత పొద్దున మీటింగులో ఇంజనీరు పెనుకొండ అమ్మాయి చేత ఒక మాట చెప్పించాడు. ఇక నుంచి అందరూ తనను సార్ అంటే చాలునని. కోపంగా చెప్పలేదు. మామూలుగానే వంగి నమస్కారం పెట్టాడు. మిషన్లు నేర్పించాడు, తప్పులు దిద్దాడు, ఎవరి మీదా పగ తీర్చుకోలేదు. క్యాంటీన్లో ఫోను మాత్రం తెచ్చుకోవడం మానేశాడు. తల్లితో ఎక్కడ మాట్లాడేవాడో మాకు తెలియదు.

లైన్ లీడరు ఆ పేరు నేర్చుకున్నాడు. పెనుకొండ అమ్మాయి దగ్గర అడిగి చెప్పించుకున్నాడు. బస్సులో కిటికీకి తల ఆనించి, పెదవులు కదిలిస్తూ సాధన చేయడం నేను చాలాసార్లు చూశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు మంచిదవుతోందనే అనుకున్నాను. కాని ఆ పేరు పెట్టి పిలవడానికి సమయం దొరకలేదు. ఇంజనీరు ఎదురుపడితే నోటికి సార్ అనే వచ్చేది.

ఎండాకాలం మొదట్లో ఇంజనీరు వెళ్లిపోయే రోజు వచ్చింది. కేకు కోశారు. లేపాక్షి నంది బొమ్మ ఇచ్చారు. గేటు దగ్గర కారు ఆగి ఉంది. అతను పెట్టె డిక్కీలో పెడుతుంటే, లైన్ లీడరు గబగబా ముందుకు వెళ్లి, కొంచెం దూరంలో ఆగి, ఆ పేరు పిలిచాడు. సరిగ్గా పిలిచాడు. రాగం లేదు, సాగదీత లేదు. నేను విన్నాను.

అతను తిరగలేదు. వినపడలేదేమోనని లైన్ లీడరు ఇంకొకసారి పిలిచాడు. అప్పుడు ఇంజనీరు డిక్కీ మూసి, తిరిగి, నడుము వంచి నమస్కారం పెట్టాడు.

"సార్," అన్నాడు తెలుగులోనే, మెల్లగా. "సార్ చాలు."

కారెక్కి తలుపు వేసుకున్నాడు. అద్దం దించి ఉంది. డ్రైవరు బండి తీసేలోపే ఫోను మోగింది. ఎత్తగానే స్పీకరులోంచి తల్లి గొంతు మా అందరికీ వినపడింది. పేరు, చివర ఆ చిన్న అక్షరం.

అతను వెంటనే పలికాడు.